బండి తలకిందులైనా డ్రైవరు చెయ్యి ఊపుతూ దిగుతాడు

అమెరికా రాక్షస ట్రక్కుల పోటీల్లో కళ్లు చెదిరే విన్యాసాలు
మన ట్రాక్టరు డ్రైవర్లు నేర్వవలసింది ఆ దూకుడు కాదు, దాని వెనక వున్న జాగ్రత్త

మనిషి ఎత్తు చక్రాలున్న బండి ఒకటి మట్టి దిబ్బ మీదికి ఉరుకుతుంది. దిబ్బ కొసకు చేరగానే నాలుగు చక్రాలూ గాలిలోకి లేస్తాయి. తాటిచెట్టులో సగం ఎత్తుకు ఎగిరి, అంతే వేగంతో నేల మీద పడుతుంది. పడిన ఊపుకు ఒక పక్కకు ఒరిగి, రెండు పల్టీలు కొట్టి, చక్రాలు ఆకాశం వైపు పెట్టి ఆగిపోతుంది. చుట్టూ కూర్చున్న వేలాది జనం ఒక్క క్షణం ఊపిరి బిగబడతారు. అంతలో ఆ ఇనుప ముద్ద లోంచి ఒక మనిషి పాక్కుంటూ బయటికి వచ్చి, తల మీది హెల్మెట్ తీసి, జనానికి చెయ్యి ఊపుతాడు. మైదానమంతా ఈలలు, చప్పట్లు.

అమెరికాలో ఏటా జరిగే 'మాన్‌స్టర్ జామ్' ప్రపంచ స్థాయి తుది పోటీల్లో ఇది తరచు కనిపించే దృశ్యం. సెల్‌ఫోన్ల పుణ్యమా అని ఇప్పుడు మన పల్లెల్లోని కుర్రకారు కూడా ఈ పందేలను చూస్తున్నారు. టీ కొట్టు దగ్గర, ట్రాక్టరు షెడ్డు దగ్గర నలుగురు చేరితే ఆ మాటే. "అంత ఎత్తు నుంచి పడితే మనిషి ఎట్లా బతుకుతున్నాడు?" అన్నది చూసిన ప్రతివారికీ కలిగే సందేహం.

ఆ సందేహం మనకు మరింత ముఖ్యం. ఎందుకంటే గట్టు మీద నుంచి జారి ట్రాక్టరు బోల్తాపడితే మన డ్రైవరు చాలాసార్లు లేచి రావడం లేదు. అక్కడ ఆట కోసం బండిని బోల్తా కొట్టించుకుంటున్న మనిషి క్షేమంగా ఇంటికి పోతున్నాడు. ఇక్కడ పొట్ట కోసం పొలానికి పోయిన మనిషి బండి కింద నలిగిపోతున్నాడు. ఈ తేడా ఎక్కడుందో తెలియాలంటే ఆ బండ్ల కథ మొదటి నుంచీ తెలుసుకోవాలి.

ముప్ఫై ట్రాక్టర్ల బలం

ఈ బండ్లను రాక్షస ట్రక్కులు అంటారు. పేరుకు తగ్గట్టే వుంటాయి. ఎత్తు సుమారు 12 అడుగులు, వెడల్పు కూడా దాదాపు అంతే. బరువు సుమారు 12,000 పౌండ్లు, అంటే 5,400 కిలోల పైమాటే. 75 కిలోల ధాన్యం బస్తాల లెక్కన చూస్తే 72 బస్తాల బరువు. ఇంత బరువు గాలిలో 30 అడుగుల ఎత్తుకు లేస్తుందంటే ఆశ్చర్యం కలగక మానదు.

ఇంజను శక్తి సుమారు 1,500 గుర్రాలు. మన వాడకంలోని 50 గుర్రాల ట్రాక్టర్లు 30 కలిస్తే ఎంతో అంత. డీజిలు, పెట్రోలు కాకుండా మిథనాల్ అనే ద్రవం పోసి నడుపుతారు. కల్తీ సారాలో కలిసి మన వైపు కూడా అప్పుడప్పుడు మనుషుల చూపును, ప్రాణాలను తీసే విషం ఇదే. ఇది అంటుకుంటే పట్టపగటి వెలుగులో మంట కంటికి సరిగా ఆనదు. అందుకే డ్రైవరు నిప్పుకు తట్టుకునే దుస్తులు ఒంటి నిండా వేసుకోవలసిందే.

బండికి ముందు చక్రాలే కాదు, వెనక చక్రాలు కూడా పక్కకు తిరుగుతాయి. ముందు చక్రాలను స్టీరింగుతో తిప్పుతాడు. వెనక చక్రాలను చేతి దగ్గరి మీటతో తిప్పుతాడు. అందువల్లనే అంత పెద్ద బండి గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు వున్నచోటనే గిరగిర తిరుగుతుంది. పడినప్పుడు అదురును తట్టుకోవడానికి చక్రానికీ చట్రానికీ నడుమ నత్రజని వాయువు నింపిన గొట్టాలు వుంటాయి. అవి రెండడుగులకు పైగా లోపలికి ముడుచుకుని మళ్లీ సాగుతాయి.

పైకి కనిపించే డొల్ల మాత్రం ఇనుము కాదు, ఫైబర్ గ్లాసు. పందెంలో అది ముక్కలు ముక్కలుగా ఊడిపోతూ వుంటే జనం కేరింతలు కొడతారు. డొల్లను రకరకాల ఆకారాల్లో చేస్తారు. 'ఎల్ టోరో లోకో' అనే బండికి ఎద్దు ముఖం, రెండు కొమ్ములు పెట్టారు. ఆ పేరుకు స్పానిష్ భాషలో పిచ్చి ఎద్దు అని అర్థం. కుక్క చెవులు వేలాడేసుకుని పరుగెత్తే బండ్లు కూడా వున్నాయి.

మొక్కజొన్న చేలో మొదలైన ఆట

ఇంత హంగామాకు మూలపురుషుడు బాబ్ చాండ్లర్ అనే అమెరికా వాసి. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం దగ్గర ఆయన ఇళ్లు కట్టే పనులు చేసేవాడు. 1974 నాటి ఫోర్డు పికప్ బండి ఒకటి ఆయనకు వుండేది. రాళ్లలో, గుట్టల్లో దానిని తోలి ఏదో ఒకటి విరగ్గొట్టుకు రావడం ఆయనకు అలవాటు. విరిగిన సామాను సులభంగా దొరకక, తానే భార్యతో, మిత్రునితో కలిసి విడిభాగాల దుకాణం పెట్టాడు.

విరిగిన ప్రతి సామాను చోట అంతకంటే దిట్టమైనది బిగిస్తూ పోయాడు. చక్రాలు పెద్దవి వేస్తే ఇరుసు విరిగేది. ఇరుసు మార్చి గట్టిది వేస్తే ఇంజను చాలేది కాదు. ఇంజను పెంచితే మళ్లీ చక్రాలు పెద్దవి కావలసి వచ్చేవి. ఇట్లా పెరిగి పెరిగి ఆ పికప్ కాస్తా రాక్షసి అయి కూర్చుంది. యాక్సిలేటరు మీద ఆయన వేసే బరువైన కాలును చూసి దుకాణంలోని మిత్రుడు వేళాకోళంగా అన్న 'బిగ్‌ఫుట్' అనే మాటే ఆ బండి పేరు అయింది. అంటే పెద్దపాదం అన్నమాట.

1981లో ఒక రైతు పొలంలో రెండు పాత కార్లను వరుసగా నిలబెట్టి వాటి మీదుగా చాండ్లర్ ఈ బండిని తోలాడు. కార్లు అప్పడాల్లా నలిగాయి. సరదాకు దానిని వీడియో తీసి దుకాణంలో వేస్తే, చూసిన ఒక ప్రదర్శనల నిర్వాహకుడు జనం ముందు చేయమని అడిగాడు. వస్తువులను ధ్వంసం చేసేవాడని పేరు వస్తుందేమోనని చాండ్లర్ మొదట వెనకాడాడని చెబుతారు. చివరికి ఒప్పుకున్నాడు. 1982లో మిచిగన్ రాష్ట్రంలోని సిల్వర్‌డోమ్ మైదానంలో వేలాది ప్రేక్షకుల ముందు కార్లు తొక్కించేసరికి జనం వెర్రెత్తిపోయారు. అప్పటి నుంచి దేశమంతటా ఇటువంటి బండ్లు పుట్టగొడుగుల్లా లేచాయి.

1986లో చాండ్లర్ కట్టిన ఐదో బిగ్‌ఫుట్ చక్రాల ఎత్తే 10 అడుగులు. అమెరికా సైన్యం మంచు ప్రాంతాల్లో సామాను మోయడానికి చేయించిన భారీ వాహనానికి అమర్చిన చక్రాలవి. 1999లో టెనెస్సీ రాష్ట్రంలో మరో బిగ్‌ఫుట్ బండి ఏకంగా బోయింగ్ 727 విమానం మీదుగా 202 అడుగుల దూరం దూకి చరిత్ర కెక్కింది. ఆ తరువాత ఆ రికార్డు కూడా చెరిగిపోయింది. 2013లో 'బ్యాడ్ హ్యాబిట్' అనే బండి 237 అడుగులు దాటింది.

ఎరువులు చల్లే బండి చక్రాలే ఇవి

ఈ బండ్ల చక్రం కథ వింటే రైతులకు మరీ ముచ్చటగా వుంటుంది. పోటీల్లో వాడే టైరు ఎత్తు 66 అంగుళాలు, అంటే అయిదున్నర అడుగులు. వెడల్పు 43 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులకు పైగా. ఈ కొలతల టైరు పందేల కోసం పుట్టింది కాదు. అమెరికా కమతాల్లో ఎరువులు చల్లే పెద్ద యంత్రాల కోసం చేసింది. బరువైన యంత్రం సన్న చక్రాలతో తడి చేలోకి దిగితే నేల తొక్కుడుపడి గట్టిబారుతుంది. పంట వేరు లోపలికి దిగదు. అందువల్ల బరువును ఎక్కువ జాగా మీద పరిచేందుకు ఇంత వెడల్పు టైరు తయారు చేశారు. దమ్ము చేసేటప్పుడు మనం ట్రాక్టరుకు వెడల్పాటి ఇనుప చక్రాలు బిగించడం వెనక వున్న సూత్రం కూడా కొంతవరకు ఇదే.

పొలం టైరు పందేనికి బరువెక్కువ. అందుచేత పోటీదారులు కత్తులు, యంత్రాలు పట్టుకుని ఒక్కొక్క టైరు గుళ్లను రోజుల తరబడి చెక్కి బరువు తగ్గించుకునేవారు. ఈ బెడద తీర్చింది మన దేశపు కంపెనీ కావడం విశేషం. ముంబై కేంద్రంగా వున్న బాలకృష్ణ ఇండస్ట్రీస్, అంటే ట్రాక్టరు టైర్ల మీద మనం చూసే 'బీకేటీ' కంపెనీ, ఈ పందేలకని ప్రత్యేకంగా టైరును తయారు చేసింది. 2014 నుంచి మాన్‌స్టర్ జామ్ బండ్లన్నిటికీ అవే టైర్లు. ఒక్కొక్క టైరు బరువు సుమారు 290 కిలోలు, నాలుగు ధాన్యం బస్తాలకు దగ్గర. అమెరికా మైదానాల్లో వేలాది జనం చూస్తుండగా నేలను గుద్దుకునేది మన దేశపు రబ్బరే అన్నమాట.

పోటీ ఎట్లా జరుగుతుంది?

తొలి రోజుల్లో కార్లు తొక్కించడమే వినోదం. చూసి చూసి జనానికి మొహం మొత్తింది. అప్పుడు రెండేసి బండ్లను పక్క పక్కన పరుగెత్తించడం మొదలైంది. 1988 నాటికి పాయింట్ల లెక్కన ఏడాది పొడుగునా జరిగే పోటీలు వచ్చాయి. ఆపైన దేశమంతటా జరిగే పోటీల్లో మేటి బండ్లను ఒకచోట చేర్చి 2000 సంవత్సరంలో తొలి ప్రపంచ తుది పోటీలు పెట్టారు. నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగాస్ శివారున సామ్ బాయిడ్ స్టేడియంలో 2018 వరకు ఏటా ఇవి జరిగాయి. 2019లో ఓర్లాండోకు మారాయి. కరోనా వల్ల రెండేళ్లు ఆగి, 2022లో మళ్లీ అక్కడే జరిగాయి. 2023లో నాష్‌విల్, 2024లో లాస్ ఏంజెలిస్ దగ్గరి ఇంగిల్‌వుడ్, 2025లో సాల్ట్‌లేక్ సిటీ వేదికలయ్యాయి. వీటిని నడిపే ఫెల్డ్ సంస్థ సర్కస్ నడిపే కుటుంబానిది కావడం మరో విశేషం.

ఫుట్‌బాల్ ఆడే పచ్చిక మైదానం పాడు కాకుండా ముందు దాని మీద పలకలు పరుస్తారు. తరువాత వందలాది లారీల మట్టి తోలి దిబ్బలు, మలుపులు కడతారు. ఆట అయ్యాక ఆ మట్టినంతా తిరిగి ఎత్తుకుపోతారు.

పోటీల్లో ప్రధానమైనవి రెండు. మొదటిది పరుగు పందెం. తొలుత ఒక్కొక్క బండినే తోలించి సమయం లెక్కిస్తారు. దాని ప్రకారం జతలు కడతారు. దీపం పచ్చగా వెలగగానే రెండు బండ్లు వాటి వాటి దారుల్లో బయలుదేరి, మలుపు తిరిగి, దిబ్బలు దూకి గమ్యం చేరాలి. ఓడినది ఇంటికి, గెలిచినది తరువాతి జతకు. మన తిరునాళ్ల కుస్తీ పోటీల తీరే. కొన్ని సెకన్లలో అంతా తేలిపోతుంది.

రెండవది, జనం ఎదురుచూసేది, ఫ్రీస్టైల్. అంటే ఎవరి ఇష్టం వచ్చిన విన్యాసం వారు చేయవచ్చు. సుమారు రెండు నిమిషాల గడువు. ఈ రెండు నిమిషాల్లో ఎత్తుకు దూకడం, ముందు చక్రాల మీదనో వెనక చక్రాల మీదనో నిలబెట్టడం, బొంగరంలా తిప్పడం, దిబ్బ నిటారు గోడకు ఎక్కించి వెనక్కి పల్టీ కొట్టించి తిరిగి చక్రాల మీదనే దించడం వంటివి చేస్తారు. వెనుకటి రోజుల్లో న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. తరువాత ఆ అధికారం ప్రేక్షకులకే ఇచ్చారు. కూర్చున్నచోటు నుంచే సెల్‌ఫోన్‌లో 10కి ఎన్నో నొక్కితే అందరి మార్కులూ కలిపి సగటు కడతారు. బండి బోల్తా పడినంత మాత్రాన ఓడినట్టు కాదు. దానికి ముందు ఎంత గొప్పగా ఆడాడన్నదే లెక్క. కొసరు నిమిషంలో కావాలనే ప్రమాదకరమైన దూకుడు దూకి బండిని తలకిందులు చేసుకునేవారు కూడా లేకపోలేదు.

తండ్రి బాటలో కొడుకులు, కూతురు

2000 నాటి తొలి తుది పోటీల్లో పరుగు పందెం టామ్ మీంట్స్, ఫ్రీస్టైల్ డెనిస్ ఆండర్సన్ గెలుచుకున్నారు. ఈ ఆటలో వీరి పేర్లు తెలియనివారు లేరు. ఆండర్సన్ నార్త్ కరోలినా ప్రాంతపు మనిషి. 1982లో 1952 నాటి పాత ఫోర్డు బండికి మరమ్మతు చేసి బురద పందేల్లో దించాడు. ఖరీదైన బండ్ల వాళ్లు ఆ తుక్కు బండిని చూసి నవ్వితే, దీనితోనే మీకు గొయ్యి తవ్వుతానని సవాలు చేశాడట. అప్పటి నుంచి ఆ బండి పేరు 'గ్రేవ్ డిగ్గర్'. సమాధి తవ్వేది అని అర్థం. నల్లని బండి మీద శ్మశానం బొమ్మ, ముందు ఎర్రని దీపాలు. పేరు అశుభమే అయినా పిల్లలకు అదంటే పిచ్చి ప్రేమ.

ఆయన ముగ్గురు కొడుకులూ ఈ రంగంలోకే వచ్చారు. కూతురు క్రిస్టెన్ 2017లో గ్రేవ్ డిగ్గర్ స్టీరింగు పట్టి, ఆ బండి నడిపిన తొలి మహిళ అయింది. అంతకు ముందే కుస్తీ రంగం నుంచి వచ్చిన డెబ్రా మిసెలీ 'మడూసా' బండితో 2004లో ఫ్రీస్టైల్ విజేతల్లో ఒకరుగా, 2005లో పరుగు పందెం విజేతగా నిలిచి, ఇది మగవాళ్ల ఆట అన్న మాటను చెరిపేసింది.

అయితే ఇంతటి ఆండర్సన్ కూడా 2017లో ఒక పోటీలో పడి గాయపడ్డాడు. ఆ ఏడాదే పోటీలకు స్వస్తి చెప్పాడు. ఎంత జాగ్రత్త పడినా ఒళ్లు ఇనుము కాదు కదా.

ప్రాణం కాపాడేది ఏది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తలకిందులైన బండిలో డ్రైవరు ఎందుకు చావడం లేదు?

మొదటి కారణం ఉక్కు గొట్టాల పంజరం. పై డొల్ల నలిగిపోయినా లోపల డ్రైవరు చుట్టూ వున్న పంజరం నలగదు. బండి ఎటు పడినా బరువు పంజరం మీద పడుతుందే గాని మనిషి మీద పడదు. డ్రైవరు సీటును కూడా ఒక పక్కకు కాకుండా నట్టనడుమ అమరుస్తారు.

రెండవది బెల్టు. భుజాల మీదుగా, నడుము చుట్టూ, తొడల నడుమ నుంచి వచ్చే పట్టీలతో మనిషిని సీటుకు కట్టేసినట్టు బిగిస్తారు. బండి పల్టీ కొట్టినా మనిషి సీటు వదిలి రాడు. పంజరం వుండి బెల్టు లేకపోతే మనిషి బయటికి విసిరివేయబడి ఆ బండి కిందనే పడతాడు. ఈ రెండూ జోడెడ్ల వంటివి. ఒకటి లేకపోతే రెండవదానితో పని జరగదు. తలకు హెల్మెట్, మెడ విరగకుండా పట్టీ సరేసరి.

మూడవది, అన్నిటికంటే మెచ్చుకోదగినది, ఇంజను ఆపే ఏర్పాటు. డ్రైవరు చేతికి అందేచోట ఒక మీట, బండి వెనక భాగాన బయటివారికి అందేచోట ఒక మీట వుంటాయి. ఇవి కాక మైదానంలో ఒక అధికారి చేతిలో చిన్న పెట్టె వుంటుంది. డ్రైవరు సొమ్మసిల్లినా, యాక్సిలేటరు ఇరుక్కున్నా, బండి జనం వైపు మళ్లినా ఆ అధికారి మీట నొక్కగానే దూరం నుంచే ఇంజను ఆగిపోతుంది. ఎంత పేరున్న ఆటగాడైనా ఈ ఏర్పాటు పనిచేస్తేనే బండిని మైదానంలోకి రానిస్తారు. ఈ నిబంధనలు రూపొందించడానికి పోటీదారులే 1980లలో సంఘం పెట్టుకున్నారు.

జాగ్రత్త తప్పినచోట జనం బలి

ఇంత చేసినా ఈ ఆట రక్తం చూడకపోలేదు. 2009 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో జరిగిన ప్రదర్శనలో ఒక బండి నుంచి ఊడిన లోహపు ముక్క ప్రేక్షకుల్లోకి ఎగిరిపడి ఆరేళ్ల బాలుడు మరణించాడు. ఊడే ముక్కలను పట్టి వుంచే కట్లు ఎంత ముఖ్యమో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

మరికొన్నిచోట్ల ఇటువంటి బండ్లతో వేరే నిర్వాహకులు పెట్టిన ప్రదర్శనల్లో ఇంకా ఘోరం జరిగింది. 2013 అక్టోబరులో మెక్సికోలోని చివావా నగరంలో బండి అదుపు తప్పి జనంలోకి దూసుకుపోయింది. పిల్లలతో సహా పలువురు చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. 2014 సెప్టెంబరులో నెదర్లాండ్స్ దేశంలోని హాక్స్‌బెర్గన్ పట్టణంలో కార్లు తొక్కిన బండి ఆగకుండా జనం మీదికి వెళ్లి ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. అక్కడ ప్రేక్షకులు బండికి అతి సమీపంలో, తేలికపాటి కంచె వెనక నిలబడి వున్నారు. ప్రదర్శనకు అనుమతి ఇచ్చిన తీరును విచారణ సంఘం తప్పుపట్టగా ఆ పట్టణ మేయరు 2015లో పదవి వదులుకున్నాడు.

ఈ సంఘటనలు చెప్పేది ఒకటే. బండి లోపల కూర్చున్నవాడికి పంజరం వుంది. కంచె పట్టుకు నిలబడినవాడికి ఏమీ లేదు. దూరమే అతనికి రక్ష.

మన సంగతేమిటి?

మన దేశంలో ఇటువంటి రాక్షస ట్రక్కులు అరుదే కాని ట్రాక్టరుతో విన్యాసాలు చేసేవారికి కొదవ లేదు. ముందు చక్రాలు గాలిలోకి లేపి తోలడం, డ్రైవరు దిగిపోయి ఒంటరిగా ట్రాక్టరును గుండ్రంగా తిరగనివ్వడం, దానిని సెల్‌ఫోన్‌లో తీసి నలుగురికి పంపడం వేడుకగా మారింది. 2023 అక్టోబరులో పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ జిల్లాలో గ్రామీణ క్రీడల సందర్భంగా ఇటువంటి విన్యాసం చేస్తూ ఒక యువకుడు తన ట్రాక్టరు చక్రాల కిందనే పడి ప్రాణం కోల్పోయాడు. ఒకటి రెండు రోజుల్లోనే పంజాబ్ ప్రభుత్వం ట్రాక్టరు విన్యాసాలను నిషేధించింది. ట్రాక్టరు పొలానికి రాజు, దానిని యమునికి వాహనం చేయవద్దని పెద్దలు చెబితే వినేవారు తక్కువ.

సెల్‌ఫోన్‌లో కనిపించేది పల్టీ మాత్రమే. పంజరం, బెల్టు, అధికారి చేతిలోని మీట అందులో కనపడవు. అక్కడి వాడు చేసినదే మనమూ చేద్దామనుకునే కుర్రవాడు ఈ మూడూ లేకుండా చేస్తున్నాడు.

విన్యాసాల మాట అటుంచితే, రోజువారీ పనిలోనే ట్రాక్టర్లు తిరగబడుతున్నాయి. ముందు భాగం పైకి లేచి వెనక్కి తిరగబడడానికి పట్టే సమయం ఒకటిన్నర సెకను మాత్రమే. కన్ను మూసి తెరిచేలోగా స్టీరింగు గుండెల మీద వుంటుంది. దూకుదామనుకున్నా వ్యవధి వుండదు.

బురదలో దిగబడినప్పుడు వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు తోలడం మన వైపు చాలామందికి అలవాటు. చాలా ప్రమాదం. దుంగ చక్రాన్ని తిరగనివ్వదు. తిరగని చక్రం చుట్టూ ట్రాక్టరే పైకి లేచి వెనక్కి పడుతుంది. అట్లాగే గొలుసును, మోకును ట్రాక్టరు వెనక కింది హిచ్చుకు కాకుండా పైన సీటు ఎత్తులో కట్టి లాగితే ముందు చక్రాలు లేస్తాయి. దిగబడిన బండిని వీలైతే వెనక్కి తీయాలి. లేదా ఇంకో ట్రాక్టరుతో, కింది హిచ్చుకు కట్టి, నిదానంగా లాగించాలి. లాగేటప్పుడు గొలుసు దరిదాపుల్లో ఎవరూ నిలబడకూడదు.

స్వీడన్ దేశంలో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు సీటు వెనక రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. ఆ చట్రాలున్న ట్రాక్టర్లు పెరిగిన కొద్దీ అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గిపోయాయి. రాక్షస ట్రక్కులోని పంజరం, ట్రాక్టరు సీటు వెనక నిలబెట్టే ఈ ఇనుప చట్రం చేసే పని ఒకటే. మన దగ్గర దొరికే ట్రాక్టర్లలో కొన్ని రకాలకు ఈ చట్రం వస్తుంది. కొనేటప్పుడు పాటల పెట్టె, రంగు రంగుల దీపాలు అడిగినట్టే దీనిని కూడా అడిగి తీసుకోవాలి. చట్రం వున్నచోట బెల్టు పెట్టుకోవాలి. చట్రం లేని ట్రాక్టరుకు బెల్టు బిగించుకోవడం మాత్రం మేలు కాదు, మనిషి సీటుతో సహా కిందపడి నలిగిపోతాడు. ఎండకు నీడ కోసం వేసుకునే రేకు పందిరిని రక్షణ చట్రమని పొరబడవద్దు. బండి బరువుకు అది నిలవదు.

మడ్‌గార్డు మీద పిల్లలను, కూలీలను కూర్చోబెట్టుకోవడం మానాలి. డ్రైవరుకు చట్రం వున్నా పక్కన కూర్చున్నవారికి అది లేదు. కాలువ గట్ల అంచులకు దూరంగా తోలాలి. తిరునాళ్లలో, సంక్రాంతి సంబరాల్లో బండ్లతో పోటీలు పెట్టే పెద్దలు ముందుగా కంచె ఎక్కడ, జనం ఎంత దూరంలో అన్నది చూసుకోవాలి. జనాన్ని తప్పించగలిగినంత జాగా లేని ఊళ్లో ఆ పోటీ పెట్టకపోవడమే మంచిది.

బాబ్ చాండ్లర్ విరిగిన ప్రతి సామాను చోటా అంతకంటే గట్టిది బిగించి రాక్షస బండిని తయారు చేశాడు. ఆ ఆటవాళ్లు ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఒక కొత్త నియమం పెట్టుకుని డ్రైవరును కాపాడుకుంటూ వచ్చారు. మన వూళ్లో ట్రాక్టరు బోల్తా పడిన మరునాడు మనం చేస్తున్నది మాత్రం బండిని పైకి లేపి షెడ్డుకు తోలడమే. ముందు ఆ సీటు వెనక ఒక చట్రం నిలబెడితే, తరువాతిసారి బండితో పాటు మనిషి కూడా లేచి వస్తాడు.